కడపకు యాభై నిమిషాలు

మా అన్నకు ఫోన్‌లో కనపడిందల్లా నిజం. మేముండే పుదుచ్చేరి విమానాశ్రయం నుంచి కడప విమానాశ్రయానికి మూడు వందల కిలోమీటర్లు, ప్రయాణం యాభై నిమిషాలు అని అందులో ఎక్కడో చూశాడు. అప్పటి నుంచి కడపలో ఉన్న మా పెద్దక్క ఎప్పుడు రమ్మన్నా ఒకటే జవాబు. "యాభై నిమిషాలే కదక్కా, ఎప్పుడు కావాలన్నా వచ్చేస్తా." నాలుగేళ్లు ఇదే పాట. ఒక్కసారీ వెళ్లలేదు. నేను బస్సులు మారి, నడుం పడిపోయినా రెండుసార్లు వెళ్లొచ్చాను.

మాలో ఆడది పోతే పుట్టింటి చీర కప్పాకే పాడె లేపుతారు. అమ్మానాన్నలు లేరు కాబట్టి మా అక్కచెల్లెళ్లకు ఆ చీర తేవాల్సింది అన్నే. కిందటిసారి వెళ్లినప్పుడు అక్క నవ్వుతూ అంది, "ఇప్పుడు రాకుంటే పోనీలే. ఆ చీర తీసుకొనైనా వస్తాడు గదా." తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అక్క పోయిందని తెల్లవారుతూనే ఫోన్ వచ్చింది. కారు మాట్లాడదామని అన్నతో అన్నాను.

"కారేంది మే, పొద్దంతా కూర్చుంటావా? ఫ్లైట్‌లో పోతే మధ్యానానికంతా ఆడుంటాం."

"టికెట్ తీసినావా అన్నా?"

"ఆడికి పోయి తీసుకుందాం."

బావకు ఫోన్ చేసి పన్నెండుకల్లా వస్తాం, ఉంచండి అని మాట కూడా ఇచ్చేశాడు. తెలిసిన కొట్టు తెరిపించి ఎర్రంచు పసుపు చీర తీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, అక్క చావుకు కాదు, విమానం ఎక్కడానికే తయారయ్యాడు.

విమానాశ్రయం గేటు దగ్గర కాపలా ఆయన కడప అనగానే మా ముఖాలు చూశాడు. ఇక్కడి నుంచి కడపకు విమానమే లేదన్నాడు. అన్న ఫోన్ తీసి చూపించాడు. ఆయన ఓపిగ్గా చదివి, ఇందులో దూరం రాశారు సార్, విమానం ఉందని ఎక్కడా రాయలేదే అని తమిళంలో చెప్పాడు. అక్కడే ఆ ఫోన్ లాక్కుని నేలకేసి కొట్టాలనిపించింది.

కారు దొరికి బయల్దేరేసరికి పది దాటింది. దారంతా బావ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. చిత్తూరైనా రాకముందే "దగ్గరికి వచ్చేసినాం బావా" అన్నాడు అన్న. రాయచోటి దగ్గర బావ చెల్లెలు నాకు ఫోన్ చేసింది.

"పొద్దు కుంకుతాంది మ్మా. ఇంగ పెట్టుకోలేం. పక్కింటామె చీర ఇచ్చినాది, మీ పేరు చెప్పి అదే కప్పినాం."

మేం చేరేసరికి ఇల్లు కడిగేశారు.

తిరిగొచ్చాక మా ఇంట్లో కూర్చుని కాఫీ తాగుతూ, "ఫోన్‌లో తప్పుగా వేసుండారు, నేనేం చేసేది" అన్నాడు. తప్పు తనదని అప్పటికీ అనలేదు. నా ఒళ్లో ఉన్న చీర చూసి, "అదెందుకు మే, ఎవరికన్నా ఇచ్చేయ్" అన్నాడు.

"రెడ్డియార్‌పాళయంలో మీ ఇంటి నుంచి ముత్తియాల్‌పేటలో మా ఇంటికి స్కూటర్ మీద పావుగంట," అన్నాను. "అంతదూరం కూడా నువ్వొస్తావని నాకు నమ్మకం లేదన్నా. నా చీర నా దగ్గరే ఉండనీ."

అన్న కాఫీ వదిలేసి లేచాడు. చీర బీరువాలో పెట్టి, ఎక్కడ పెట్టానో మా కోడలికి చూపించాను.