మా చెట్టు కల్లు

మా ఆయన తాటిచెట్లు ఎక్కి కల్లు గీసేవాడు. అమ్మే లైసెన్సు మాత్రం పట్నంలో ఉండే కంట్రాక్టరుది. ఏటా వేలంలో ఆయనే పాడుకునేవాడు. దించిన లొట్టి కుండ దించినట్టే ఆయన దుకాణానికి పోవాలి, ఇంటికి చుక్క తేకూడదు. గోదావరిఖని బొగ్గుబాయి కార్మికులు తాగిన కల్లు పైసలన్నీ పట్నం చేరేవి. ఆ మనిషిని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

"ఇగ నాతోని కాదే," అని ఒకరోజు ఈయన తన మోకు తీసుకుపోయి ఎల్లమ్మ గద్దె దగ్గర పెట్టేశాడు. చెట్టెక్కే తాడది. తల్లికి అప్పగించాడంటే గీత మానుకున్నట్టే, ఆ మోకును మళ్లీ ముట్టకూడదు. ఆ వారమే బొగ్గుబాయిలో దిగాడు.

తాటిచెట్ల కొసలు చూస్తూ తిరిగిన మనిషి కదా, ఎక్కడున్నా తలెత్తే నడుస్తాడు. బాయిలోనూ అంతే. కింద పట్టాలు చూసుకోక మాటిమాటికీ బోర్లా పడేవాడు. మోకాళ్లకు పసుపు పెడుతూ, "కిందికి చూసి నడువరాదా?" అని కసిరేదాన్ని.

"ఎటు చూసినా చీకటేనాయె," అనేవాడు.

నాకు ఈయన మొహంలో మళ్లీ నవ్వు చూస్తానా అని దిగులు పట్టుకుంది.

అంతలో సర్కారు రూలు మార్చింది. గీసేవాళ్లంతా కలిసి సొసైటీ పెట్టుకుంటే లైసెన్సు వాళ్లకేనట! మా బావ ఉరికొచ్చి చెప్పాడు. ఈయన తల దించుకున్నాడు.

"నా మోకు తల్లికిచ్చిన. ఇచ్చింది ఇచ్చిందే."

నాకు తిక్కరేగింది. "తల్లికిచ్చింది మోకు. కాళ్లు గూడ ఇచ్చినవా?" అన్నాను.

మర్నాడే కమాన్‌పూర్‌లోని పుట్టింటికి పోయాను. కాలం చేసిన మా నాయన మోకు ఇంకా దూలానికి వేలాడుతోంది. సంగతి చెబితే మా అమ్మ దాన్ని దించి, కొంగుతో తుడిచి, నా భుజాన వేసింది.

ఆ మోకుతో ఈయన మళ్లీ చెట్టెక్కాడు. "బంగారమసొంటి నౌకరి ఇడిసిపెట్టిండు," అని వాడంతా నవ్వింది. నవ్వనీ! సొసైటీ కల్లు మొదలైన రోజు, షిఫ్టు దిగినవాళ్లు బొగ్గు మొహాలతో వచ్చి మా చెట్టు కింద కూర్చున్నారు. ఈయన లొట్టితో దిగాడు. "జర ఆగుండ్రి," అని వాళ్లకు చెప్పి నన్ను పిలిచాడు. తాటాకు దొప్ప నా చేతిలో పెట్టి నిండా వంచాడు.

"తాగు," అన్నాడు నవ్వుతూ.

గీసేవాడికి పుట్టి, గీసేవాణ్ని కట్టుకున్నదాన్ని. మా చెట్టు కల్లు నేను తాగడం అదే మొదటిసారి.