అమ్మ బాగానే ఉందని చెప్పమన్నాను

శనివారం సాయంత్రం. ఇంట్లో ఎవరూ మాట్లాడటం లేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

నా మనవడు నౌకాదళంలో, క్షిపణులుండే డిస్ట్రాయర్ ఓడ ఇంజను గదిలో పనిచేస్తాడు. సెలవు మీద వచ్చినవాడిని ఈ ఉదయం వెంటనే వెనక్కి రమ్మన్నారు. ఓడ కదిలాక ఎన్నాళ్లో ఫోను ఉండదు. అప్పటికే వాడి నాన్న, అంటే నా కొడుకు, బొగ్గుబాయిలోకి దిగాడు.

రైలెక్కే పిల్లాణ్ని సాగనంపేందుకు నా కొడుకును పైకి పిలిచి స్టేషనుకు పంపమని బాయి ఆఫీసుకు ఫోన్ చేశాను. షిఫ్టు మధ్యలో పిలుపొస్తే ఇంట్లో ఎవరో పోయారనే మా దగ్గర అర్థం. అందుకే అమ్మ బాగానే ఉందని కూడా చెప్పమన్నాను.

ఆ మాటే కొంప ముంచింది. వాడు స్టేషనుకు పోకుండా, బొగ్గు ముఖంతోనే ఇంటికి ఉరికొచ్చాడు. నేను వాకిట్లో చిక్కుడుకాయలు తుంచుతున్నాను.

"బాగున్ననని చెప్పించిన గద రా."

"గట్ల చెప్పిస్తేనే పోయినవనుకున్న అమ్మా."

రైలు వెళ్లిపోయింది. మీ ఇళ్లలోనైతే ఏమని కబురు పెడతారో చెప్పండి.

ఇక జరగాల్సినవి:

1. కొడుకు ముఖం కడుక్కోవాలి.
2. రైల్లోంచి మనవడు చేస్తున్న ఫోను ఎత్తాలి. తన ఏడుపు గొంతు వాడికి వినబడినా సరే.
3. వాడు ఓడ ఎక్కేలోపే ఎత్తాలి.