బొట్టు పెట్టించుకున్న దుప్పి పిల్ల

ఇది 1987 ఎండాకాలం మొదట్లో జరిగిన సంగతి. అప్పుడు నేను పాల్వంచకు దగ్గరలో, రిజర్వాయరు పక్కన ఉన్న జింకల పార్కులో మస్టర్ కూలీని. మస్టర్ కూలీ అంటే హాజరు పుస్తకంలో పేరుంటుంది గాని ఉద్యోగం ఉండదు, వచ్చిన రోజుకే కూలి. ఇనుప జాలీ కంచె కట్టిన పెద్ద ఆవరణలో చుక్కల దుప్పులు ఉండేవి. దాన్ని మేం ఎన్‌క్లోజర్ అనేవాళ్లం. పార్కు దాటితే అసలు అడవే.

దుప్పులకు గడ్డి కోసి వేయడం, తొట్లు కడిగి నీళ్లు నింపడం నా పని. దానికంటే పెద్ద పని ఇంకొకటి ఉండేది. ఆదివారం వస్తే చాలు, పాల్వంచ కాలనీల నుంచీ సారపాక మిల్లు క్వార్టర్ల నుంచీ కుటుంబాలు దిగేవి. పిల్లలు కంచె పట్టుకుని దుప్పుల్ని చూసేవాళ్లు, పెద్దలు చెట్ల కింద దుప్పట్లు పరిచేవాళ్లు. వాళ్లు గిన్నెల మూతలు తీయకముందే నేను మొదలుపెట్టేదాన్ని, తిన్న విస్తళ్లు గుంతలో వేయండమ్మా, ఎక్కడబడితే అక్కడ పారేయకండమ్మా అని. వాళ్లు తలలు ఊపేవాళ్లు. సాయంత్రం ఆ విస్తళ్లన్నీ నేనే ఏరేదాన్ని.

"నెమళ్ల కూత కన్న నీ కూతే ఎక్కువ ఇనబడ్తది సమ్మక్కా" అని నవ్వేవాడు ఖాసీం భాయ్. ఆయన మా బీట్ గార్డు. అడవిని ముక్కలుగా విభజించి ఒక్కొక్కరికి ఒక్కో ముక్క కావలి అప్పగిస్తారు. ఆ ముక్కనే బీట్ అంటారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం దాటాక ఒక జీపు గేటు ముందు ఆగింది. తోలుతున్నాయన కిందికి దిగి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు. "ఇక్కడ లేడిపిల్లల్ని తీసుకుంటారా అండీ?"

జీపు ముందు సీట్లో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఆమె ఒళ్లో తువ్వాలు, తువ్వాల్లో దుప్పి పిల్ల. పుట్టి ఎన్నో రోజులు అయినట్టు లేదు. చెవులు వెనక్కి అంటించుకుని, ఊపిరి కూడా తీయనట్టు ముడుచుకుని ఉంది. దాని నుదుట పావలా కాసంత కుంకుమ బొట్టు.

ఖాసీం భాయ్ చూసి నోరు తెరిచాడు. "ఏంది సార్ ఇది? ఎక్కడ పట్టిన్రు?"

"పట్టలేదండీ, దొరికింది. రోడ్డు పక్కన పొదలో ఒక్కతే పడి ఉంది. దగ్గరికి పోయినా లేవలేదు, అరవలేదు. తల్లి చచ్చిపోయిందేమో అనుకుని..."

"చచ్చింది మీరు చూసిన్రా?"

వెనక సీట్లోంచి ఏడెనిమిదేళ్ల పిల్ల తల బయటపెట్టింది. "వాళ్లమ్మ చచ్చిపోలేదు. పుట్టింటికెళ్లింది."

తర్వాత ఒక్కొక్కటీ తెలిసింది. వాళ్లది వేంసూరు వైపు, వ్యవసాయ కుటుంబం. ఆయన పేరు రామారావు, పాప సుజాత, పెద్దావిడ పాప నాయనమ్మ శేషమ్మగారు. పాప తల్లి రెండో కాన్పుకు పుట్టింటికి వెళ్లింది. అప్పటి నుంచి పిల్ల దిగులుగా ఉంటోందని భద్రాచలం, పర్ణశాల చూపించి, తిరుగుదారిలో మా పార్కు కూడా చూపిద్దామని తీసుకొచ్చారు.

"పర్ణశాలలో బంగారు లేడి బొమ్మ చూసింది లేమ్మా" అంది శేషమ్మగారు. "అప్పట్నించీ లేడి కావాలని ఒకటే గోల. అన్నం తినడానికి ఆగితే ఇది కంటపడింది. అంతటి సీతమ్మవారు లేడి అడిగితేనే ఏమైందో లోకానికి తెలుసు, అయినా మావాడు కూతురు అడిగిందని ఎత్తుకొచ్చాడు."

"మరి బొట్టెవరు పెట్టిన్రు పెద్దమ్మా?" అన్నాడు ఖాసీం భాయ్.

"నేనేనయ్యా. భద్రాద్రి కుంకుమ. పసిగుడ్డు కదా, దిష్టి తగలకుండా."

నాకు నవ్వు రావలసిన మాట, కాని రాలేదు. అంతకుముందు కూడా ఇట్లాగే జాలిపడి దుప్పి పిల్లల్ని తెచ్చి ఇచ్చినవాళ్లున్నారు. సీసాతో గేదె పాలు పట్టేవాళ్లం. విరేచనాలు పట్టుకునేవి, కాళ్లు నిలిచేవి కావు. ఎన్‌క్లోజర్‌లో పాలిచ్చే తల్లి దుప్పులు ఉన్నా అవి పరాయి పిల్లను దగ్గరికి రానిచ్చేవి కావు, తన్నేవి. అట్లా వచ్చినవాటిలో ఒక్కటీ నిలవలేదు. పూడ్చింది నేనే.

దుప్పి తల్లి పిల్లను పొదలో పడుకోబెట్టి మేతకు పోతుంది. తాను వచ్చేదాకా అది కదలదు, అరవదు. అదే దాని కావలి. చూసేవాళ్లకు మాత్రం దిక్కులేనిదానిలా కనబడుతుంది. నేను ఆ మాటే చెప్పాను. "దీనికి తల్లి ఉంది సార్. పొద్దుగూకే యాళకు పాలియ్యడానికొస్తది. పిల్ల కనబడకపోతే ఎంతసేపని తిరుగుతది? జల్దీ తీస్కపోయి ఎక్కడ తీసిన్రో అక్కడ్నే పెట్టాలె."

రామారావుగారి ముఖం మాడింది. "కేసు రాస్తారా?"

"గది తర్వాత సార్" అన్నాడు ఖాసీం భాయ్. "రేంజ్ ఆఫీసుకు తీస్కపోతే సాబ్ వచ్చి చూసేటాళ్లకు తెల్లారుతది. అందాక ఇది ఉండదు. ముందు తల్లికిద్దాం. ఎక్కడ దొరికిందో చెప్పున్రి."

"కల్వర్టు దగ్గర."

"ఏ కల్వర్టు? సారపాక దాటినంక కల్వర్టులే కల్వర్టులు."

ఆయనకు గుర్తు రాలేదు. టేకు చెట్లు, ఎండిన గడ్డి, కల్వర్టు. ఆ దారంతా అట్లాగే ఉంటుంది.

అందరం జీపెక్కాం. దుప్పి పిల్లను నా ఒళ్లో పెట్టుకున్నాను. దాని గుండె నా అరచేతికి తగులుతూ కొట్టుకుంటోంది. సుజాత నా పక్కనే కూర్చుని, దాన్ని ముట్టుకోకుండా చేతులు రెండూ తొడల కింద పెట్టుకుంది.

"వాళ్లమ్మ రాకపోతే మాతో పంపిస్తావా పిన్నీ?"

"వస్తది బిడ్డా" అన్నాను. వస్తుందని నాకేం తెలుసు!

మొదటి కల్వర్టు దగ్గర ఆగాం. చెట్టు కింద మోదుగాకు విస్తళ్లు పడి ఉన్నాయి. "ఇదేనేమో, ఆకులున్నాయి" అన్నాడు రామారావుగారు. శేషమ్మగారు కసిరింది. "మనం మోదుగాకుల్లో తిన్నామా? మన తోటలో కోసుకొచ్చిన అరిటాకులు కదరా."

ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. "తిన్నంక ఆ ఆకులేం చేసిన్రు పెద్దమ్మా?"

ఆవిడ కొంచెం నీళ్లు నమిలింది. "ఏం చేస్తామమ్మా... అక్కడే పడేశాం."

"మంచి పని చేసిన్రు!" అన్నాను. ఖాసీం భాయ్ గిరుక్కున తిరిగి నా ముఖం చూశాడు. ఆకులు పారేసినవాళ్లను నేను మెచ్చుకోవడం ఆయన ఎన్నడూ వినలేదు.

ఆ ఎండల్లో అడవిలో అరిటాకంత లేతపచ్చ ఇంకెక్కడుంటుంది? ఇంకో రెండు మలుపులు తిరిగాక, రోడ్డు మీద కోతుల గుంపు కనబడింది. ఒక కోతి అరిటాకు ముక్కను తల మీద కప్పుకుని కూర్చుంది. కల్వర్టు పక్కన పచ్చటి పీలికలు, పసుపుపచ్చ పులిహోర మెతుకులు. సుజాత గెంతింది. "ఇక్కడే! ఆ పరికి పొద కిందే!"

ఖాసీం భాయ్ కోతుల్ని తోలాడు. దిగాక శేషమ్మగారు నా చెవి దగ్గరికొచ్చింది. "అమ్మాయ్, మా గేదె ఈనితే దూడ మీద పరాయి వాసన ఉంటే దగ్గరికి రానివ్వదు. నేను కుంకుమ పెట్టి కూర్చున్నానే! ఇప్పుడెట్లా?"

నేను తడి గుడ్డతో బొట్టు తుడిచాను. పూర్తిగా పోలేదు. పొద కింది మట్టీ గడ్డీ నలిపి పిల్ల ఒళ్లంతా రుద్దాను. మనిషి చెయ్యి తగిలినంత మాత్రాన తల్లి వదలదని పశువుల డాక్టరు ఒకాయన తర్వాత చెప్పారు. ఆ రోజు మాకెవరికీ ఆ ధైర్యం లేదు.

పిల్లను పొద కింద పెట్టాం. ఎట్లా పెట్టామో అట్లాగే ముడుచుకుంది. జీపును దూరంగా ఆపి, గాలి మా వైపు వీచే పక్కన, కల్వర్టు గోడ చాటున కూర్చున్నాం. పొద్దు టేకు చెట్ల మీదికి దిగింది. శేషమ్మగారు పెదవుల్లోనే రామనామం చెప్పుకుంటోంది.

ముందు ఒక కూత వినబడింది. పొట్టిగా, గట్టిగా. బెదిరినప్పుడు దుప్పి అట్లా కూస్తుంది. తర్వాత చెట్ల మధ్య నుంచి తల్లి బయటికొచ్చింది. ముందుకాలు నేలకేసి కొట్టింది. పొద దాకా వచ్చి, మెడ చాచి వాసన చూసింది. చటుక్కున వెనక్కి దూకి చెట్లలోకి వెళ్లిపోయింది.

శేషమ్మగారు కొంగు నోట్లో కుక్కుకుంది. రామారావుగారు తల దించుకున్నాడు. సుజాత నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు ఇప్పటికీ గుర్తే.

అప్పుడు పిల్ల అరిచింది. మధ్యాహ్నం నుంచి ఇన్ని చేతులు మారినా నోరు విప్పనిది, సన్నగా ఒక్క అరుపు అరిచింది.

తల్లి తిరిగొచ్చింది. ఈసారి ఆగలేదు. మెడ వంచి పిల్లను నాకడం మొదలుపెట్టింది. మొదట నాకింది నుదురే, బొట్టు మిగిలిన చోటు. పిల్ల వణికే కాళ్ల మీద లేచి, పొట్ట కిందికి దూరి, తోక ఆడిస్తూ పాలు తాగింది.

"పుట్టింటి నుంచి వచ్చేసింది" అని సుజాత గుసగుసగా చెప్పింది.

తల్లీ పిల్లా చెట్లలోకి వెళ్లిపోయేదాకా ఎవ్వరం లేవలేదు. లేచాక అందరం ఒక్కసారే మాట్లాడాం, ఒక్కసారే నవ్వాం. శేషమ్మగారు ఏడుస్తూ నవ్వింది. కేసు మాట ఖాసీం భాయ్ మళ్లీ ఎత్తలేదు. "ఇంకోసారి అడవిల దేన్నన్న ముట్టుకుంటే మాత్రం ఊకోను సార్" అని బీడీ వెలిగించుకున్నాడు. నేను అరిటాకు పీలికలు ఏరడం మొదలుపెడితే, "ఇయ్యాల తిట్టవేంది సమ్మక్కా?" అన్నాడు. శేషమ్మగారు కొంగు బిగించి నాతో పాటు వంగింది. చివరి మెతుకు దాకా ఇద్దరం ఏరాం.

కొన్నేళ్లకు మా దగ్గర వయోజన విద్య బడి పెట్టారు. నలభై దాటాక అక్షరాలు దిద్దాను. గేటు దగ్గర సుద్దతో రాసే నల్లబోర్డు ఒకటుండేది. దాని మీద చూడవచ్చినవాళ్లకు పనికొచ్చే మాట ఏదన్నా రాయమని నాకే అప్పగించారు. విస్తళ్ల గురించే రాస్తానని అందరూ అనుకున్నారు. నేను రాసింది ఇది: "ఒంటరిగా కనబడిన పిల్లను ముట్టుకోవద్దు. దాని తల్లి వస్తుంది." వాన పడితే చెరిగిపోయేది. మర్నాడు పొద్దున్నే, గడ్డి కోతకు పోకముందే, మళ్లీ రాసేదాన్ని.