బాబాయి గాజుతొట్టిలో పెళ్ళి

మా బాబాయి శుభ్రత గురించి చెబితే కోతలు కోస్తున్నానంటారు. వాన చినుకులు కూడా ఆయన గుమ్మం దగ్గర కాళ్ళు కడుక్కునే లోపలికొస్తాయి. దుమ్మయితే ఆ వీధి మొహమే చూడదు, పక్క వీధిలోంచి చుట్టు తిరిగి పోతుంది. నమ్మకపోతే మీ ఖర్మ.

ఆయన కాలేజీలో బాటనీ లెక్చరర్. చేరినప్పటి నుంచీ వాలిస్నేరియా అనే నీటి మొక్క పాఠం ఆయనదే. మొక్కంటే ఏముంది, నీళ్ళలో నిలబెట్టిన పచ్చ రిబ్బన్లు. ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. ఆడపువ్వు పొడవాటి కాడ మీద నీటిపైకొచ్చి కూర్చుంటుంది. మగపూలు మొక్క మొదలు దగ్గర తెగి, పైకి తేలి, కొట్టుకుంటూ పోయి దాన్ని చేరతాయి. ఈ పెళ్ళిని బాబాయి రంగు సుద్దలతో బోర్డు మీద గీస్తుంటే, మధ్యలో చదువు వదిలేసిన నాకు కూడా ఆ ఒక్క గంటా నిద్రొచ్చేది కాదు.

కానీ ఆ పెళ్ళి ఆయన ఒక్కసారీ కళ్ళారా చూళ్ళేదు!

ఈ ఏడు రిటైరవుతున్నాడు. పోయేలోగా తను చూడాలి, పిల్లలకు చూపించాలి. ముందు గదిలో గాజుతొట్టి పెట్టి రెండు రకాలూ నాటాడు. ఆడపూలు వచ్చాయి, వచ్చినవి వచ్చినట్టే వాడిపోయాయి. కాయ మాట లేదు.

"మగ మొక్కలు మొండికేశాయి" అన్నాడు.

"మీ పోలికే" అంది పిన్ని.

అయినా తగ్గలేదు. వచ్చే వారం మా ఇంటికి రండని క్లాసుకీ, ప్రిన్సిపాల్‌కీ చెప్పేశాడు. మర్నాడే తొట్టి తుడుస్తూ వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. నేనూ పిన్నీ మడతకుర్చీని మోసినట్టు మోసి మంచమ్మీద పెట్టాం.

"ఏమే, నీళ్ళ మీద పిండిలా తెట్టు కడుతుంది. రోజూ కాగితం పరిచి ఎత్తేసేవాణ్ణి. కాస్త తీసెయ్యి."

"మీ వీపు రుద్దలేకే చస్తున్నా. మీ గడ్డికి కూడా స్నానం చేయించాలా?"

"ఒరే, నువ్వైనా..."

"నీళ్ళు చూస్తేనే నాకు జలుబు బాబాయ్."

తెట్టు పేరుకుంది. ఓ పొద్దున పిన్ని కేకేసింది: "ఏమండీ, మీ పువ్వు మునిగిపోయింది!" నిటారుగా ఉండే కాడ టెలిఫోను తీగలా చుట్టలు చుట్టుకుని పువ్వును కిందికి లాక్కుపోయింది.

బాబాయి నడుం సంగతి మరిచి లేచాడు. పెళ్ళయితేనే కాడ అలా చుట్టుకుంటుందని చెప్పే పాఠం ఆయనదేగా! భూతద్దం పెట్టి తెట్టును చూసి కళ్ళు తేలేశాడు. ఒక్కో నలుసూ ఒక్కో మగపువ్వు. పెళ్ళికొడుకులందర్నీ పొద్దున్నే కాగితంతో ఎత్తి చెత్తబుట్టలో పోసిన ఘనత అయ్యగారిది.

"అయితే మొండికేసింది ఎవరంటావ్?" అన్నాను.

భూతద్దం తుడుచుకున్నాడు. "బోర్డు మీద గుమ్మడికాయంత గీసి గీసి... ఇంతే ఉంటాయనుకోలేదురా."

చెప్పిన రోజున అందరూ వచ్చారు. ఇంకో ఆడపువ్వు విచ్చుకుని ఉంది, చుట్టూ తెట్టు మెల్లగా జరుగుతోంది. బాబాయి ఒక చెయ్యి నడుం మీద వేసుకుని, "పరిశోధనలో ఓర్పు ముఖ్యం. అందుకే కావాలనే తొట్టి ముట్టుకోలేదు" అన్నాడు. పిల్లలు రాసుకున్నారు. వంటింట్లో పిన్నికి పొలమారింది.

"పూలేవండీ? దుమ్ము అడ్డొస్తోంది" అంటూ ప్రిన్సిపాల్ రుమాలు తీసి నీటి మీదికి వంగాడు.

బాబాయి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. "ముట్టుకుంటే చెయ్యి విరిచేస్తాను సార్."

పిల్లలు రాసుకోవడం ఆపేశారు. నలుసొకటి జరిగి, జరిగి, పువ్వు బరువుకు నీటి మీద పడ్డ చిన్న గుంటలోకి జారి దానికి అంటుకునేదాకా బాబాయి రెప్ప వాల్చలేదు, ఆ చెయ్యీ వదల్లేదు.