మిగిలిన చెప్పు

మంచిర్యాల దగ్గరి బొగ్గుబాయిలో గట్టయ్యది ల్యాంపు రూంలో పని. కార్మికుడు అతనికి ఇత్తడి బిళ్ల ఇచ్చి, దీపం తీసుకుని బాయిలోకి దిగుతాడు. షిఫ్టు అయ్యాక బిళ్ల మిగిలిందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. ముప్పయ్యేళ్లుగా అందరినీ దింపుతున్న గట్టయ్య తానెన్నడూ దిగలేదు.

ఓ శని, ఆదివారాలకు తోటివాళ్లతో బస్సు మాట్లాడుకుని బాపట్ల సముద్రానికి వెళ్లినా అతని పద్ధతి మారలేదు. "నీళ్లల్లకు పోయేటోళ్లు ఒక్కో చెప్పు నా దగ్గర పెట్టి పోన్రి" అని, మెడలో విజిల్ వేసుకుని ఇసుకలో కూర్చున్నాడు. సాయంత్రం అందరూ ఒడ్డెక్కి చెప్పులు తొడుక్కున్నారు. ఒకటి మిగిలింది. ఫిట్టర్ ప్రేమ్‌సాగర్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఎవరిదని గట్టయ్యను అడుగుదామంటే గట్టయ్యే లేడు. చూస్తే, నడుం లోతు నీళ్లలో, అలలకు ఎదురొడ్డి నిలబడి ఉన్నాడు.

"గట్టన్నా, బయటికి రా! డ్రైవర్ హారన్ కొడుతుండు!"

"కొట్టనీ! గిప్పుడే దిగిన, నా షిఫ్టు ఇంక కాలే!"