ఊడ్చిన రోడ్డు

కుక్కర్ మూత తీయగానే ఉడికిన ఉలవల వాసన, ఎండిన మట్టి మీద మొదటి చినుకులు పడ్డప్పటి వాసనకు కొంచెం చేదు కలిపినట్టుండే ఆ వాసన, ఇల్లంతా పరుచుకుంటుంది. నా భార్య అందులో ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి గుడాలు చేస్తుంది. పిల్లలు గిన్నెలు పట్టుకుని వస్తారు. నాకు మాత్రం మొదటి ముద్ద ఎప్పుడూ కష్టంగానే దిగుతుంది.

మాది హైదరాబాదుకు దగ్గర్లోని సురంగల్. నా చిన్నప్పుడు ఉలవ పంట చేతికొచ్చేది చలి గట్టిగా ఉన్న రోజుల్లో. పొద్దున లేచేసరికి చెట్ల ఆకుల మీద మంచు కారుతుండేది, పొయ్యి మీద జొన్నరొట్టె పొంగుతుండేది, వంటింటి గడపలో కూర్చుని వేడి రొట్టె మీద వెల్లుల్లి కారం రాసుకుని తింటుంటే చెవులు కూడా వెచ్చబడేవి. మా నాయనమ్మను మేం అవ్వ అనేవాళ్లం. ఆమె అప్పటికే చేనుకు పోయి, ఎండిన ఉలవ కట్టెను బండి మీద తెప్పించి, ఊరి ముందున్న తారు రోడ్డు మీద ఒక పక్కన పరిపించేది. బస్సో లారీయో దాని మీదుగా పోతే కాయలు పగిలి గింజలు రాలేవి. కర్రలతో కొట్టే పని తప్పేది. మా వైపు అందరూ అలాగే చేసేవాళ్లు. గంటకు నాలుగు బండ్లు వస్తే ఎక్కువ. బస్సు డ్రైవర్ దూరం నుంచే హారన్ కొట్టి, నెమ్మదిగా కట్టె తొక్కించి, "అవ్వా, నాకు గుడాలు పంపుతవా లేదా" అని అడిగి పోయేవాడు.

"ముందుగాల నీ బస్సు టైముకు రానియ్యి, తర్వాత గుడాలు అడుగు" అనేది అవ్వ.

ఆమెకొక పట్టింపు ఉండేది. పొద్దు గూకక ముందే గింజలు ఎత్తి, పొట్టు తూర్పారబట్టి, ఆ తర్వాత పొడవాటి ఈత చీపురుతో రోడ్డును మళ్లీ ఊడ్చేది. వాకిలి ఊడ్చినట్టు, ఒక్క గింజ కూడా మిగలకుండా. నేను నవ్వితే, "గింజ ఉంటె పిట్ట దిగుతది బిడ్డ. పిట్టకు బస్సు సంగతి ఏమెరుక?" అనేది. నేలకు వంగి, పగుళ్లలో ఇరుక్కున్న గింజల్ని కూడా గోటితో తీసేది. ఊళ్లో ఇంకెవరూ అంత చేసేవాళ్లు కాదు.

అప్పుడే హైదరాబాదులో కంప్యూటర్ కొలువులు పెరిగాయి. పక్కనున్న చిన్న మంగళారం వైపు చేన్లు ఫామ్‌హౌస్‌లయ్యాయి, శని ఆదివారాలు కొత్త కార్లు మా రోడ్డు మీద గాలిలా పోయేవి. ఆ చలికాలంలో అవ్వకు రెండు రోజులు జ్వరం వచ్చింది. ఊడ్చే పని నాకు పడింది. నేను నాలుగుసార్లు చీపురు ఆడించి ఆటకు పోయాను. మరునాడు పొద్దున మేం ఉలవ పరిచే మలుపు దగ్గర ఒక కౌజు పిట్ట చచ్చిపడి ఉంది, ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. ఇంటికి తెచ్చి, ఉచ్చు వేసి పట్టానని చెప్పాను. బాపు మురిసిపోయి, "మావోనికి వేటల మా తాత చెయ్యి వచ్చింది" అన్నాడు. ఆ రోజు కూరలో పెద్ద ముక్క నాకే వేశారు.

ఆ మాట రుచి ఆ కూర కంటే ఎక్కువైంది. అవ్వ లేచి తిరిగి శుభ్రంగా ఊడ్చడం మొదలుపెట్టాక, ఆమె ఇంటికి పోయేదాకా ఆగి, జేబులోని ఉలవలు మలుపులో చల్లి వచ్చేవాణ్ణి. తెల్లవారేసరికి కౌజులు గుంపుగా దిగేవి, కార్లు నా వేట చేసిపెట్టేవి. నా దోస్తు యాదగిరి, "ఏంరా, మీ చేన్ల ఉలవలు పండుతయా, కౌజులు పండుతయా?" అని ఎకసెక్కం చేసేవాడు. నాకు గర్వంగా ఉండేది.

ఒక ఆదివారం పొద్దున నేను మలుపు చేరేసరికి ఒక తెల్ల కారు ఆగి ఉంది. పక్కన ఒక ఆడ నెమలి, రెక్క విరిగి, మెడ ఎత్తలేక మట్టిలో కొట్టుకుంటోంది. కార్లో ఒక చిన్నపిల్ల వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఆ పిల్ల తండ్రి, కోస్తా నుంచి వచ్చి మా దగ్గర భూమి కొన్న కంప్యూటర్ ఉద్యోగి, రోడ్డు మీది గింజల వైపే చూస్తూ నిలబడ్డాడు. ఇంతలో అవ్వ చీపురు చంకలో పెట్టుకుని వచ్చింది.

"అమ్మా, ఈ గింజలు మీవేనా? ఇలా వదిలేస్తే పక్షులు రావా అండీ? బ్రేకు వేశాను, ఆగలేదు. మా పాప అంతా చూసింది" అన్నాడతను. 

అవ్వ వంగి నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని చూసింది. "మావే అయ్యా. నిన్న చీపురుతో ఊకినంకనే పోయిన. కండ్లు మోసం చేసినట్టున్నయి. తప్పు నాదే" అని, నా వైపు తిరిగింది. "నువ్వు సూసినవా బిడ్డ, నిన్న గింజలుండెనా?"

"నేను సూడలే" అన్నాను.

నెమలి కాసేపటికి చచ్చిపోయింది. అవ్వ దాన్ని చేని గట్టు మీద పూడ్చింది. ఆ తర్వాత ఆమె రోడ్డు మీదికి రాలేదు. బియ్యంలో రాళ్లు ఏరడం మానేసింది, సూదిలో దారం మా అమ్మతో ఎక్కించుకునేది. బాపు చేవెళ్ల దవాఖానకు తీసుకుపోతే డాక్టరు, ఈ వయసుకు చూపు మంచిగనే ఉందన్నాడు. "ఆయనకేం తెలుసు. నెమలిని సంపిన కండ్లివి" అంది అవ్వ. నేను ఆమె మంచం పక్కనే కూర్చుని విన్నాను. ఆమె పోయేదాకా, ఆరేళ్లు, నోరు తెరవలేదు.

నేనిప్పుడు ఆ చేనే చేస్తున్నాను. రోడ్డు వెడల్పయింది. రోడ్డు మీద జంతువుల చావును ఆపలేం అనేవాళ్ల మాట నేను ఒప్పుకోను, ఎందుకంటే ఒక ముసలామె చీపురుతో ఆపింది నేను చూశాను. ఊళ్లో మేం నలుగురం ఆఫీసుల చుట్టూ తిరిగి, పంట ఆరబోసి నూర్చుకోవడానికి ఊరి చివర సిమెంటు కల్లం వేయించాం. వాగు దగ్గర రోడ్డు కింద మోరీ కట్టినప్పుడు లోపల ఒక పక్కన నీళ్లు అందని గట్టు కట్టించాం. ఉడుములు, ముంగిసలు ఇప్పుడు రోడ్డెక్కకుండా దాని మీదుగానే దాటుతున్నాయి, మట్టిలో వాటి అడుగులు కనబడతాయి. మోరీకి కొంచెం ఇవతల రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ వేయించాం. పొద్దున, సాయంత్రం బండి నెమ్మదిగా తోలమని బోర్డు పెట్టాం. వాగు వైపు పిట్టలు మిగిలాయి. మా మలుపు దగ్గర మాత్రం తెల్లవారుజామున ఒకటి పిలిస్తే ఇంకొకటి బదులిచ్చే కౌజుల కూత లేదు. అక్కడ నేను ఆలస్యంగా వచ్చాను.

మొన్న పంట కోతల్లో మా వీధి లక్ష్మమ్మ రోడ్డు మీద పరదా పట్టా పరిచి మక్కజొన్నలు ఆరబోస్తుంటే, కల్లం మీదికి తీసుకుపొమ్మని అడిగాను.

"మస్తు చెప్తవు గని, మీ అవ్వ పరవలేదా? ఆమె గింజలకే గద అప్పట్ల నెమలి సచ్చింది" అంది.

"మా అవ్వ ఒక్క గింజ కూడ విడువలే. ఊకినంక చల్లింది నేను" అన్నాను. బయటికి చెప్పడం అదే మొదటిసారి.

లక్ష్మమ్మ చేతిలోని మక్కలు కుప్ప మీద వేసింది. "గీ ముచ్చట ఆమె ఉన్నప్పుడు చెప్పకపోతివి. సచ్చేదాక కండ్లనే తిట్టుకున్నది గదరా" అంది.

 ఆమె వంగి మక్కల కింది పరదా ఒక అంచు పట్టుకుంది. రెండో అంచు నేను పట్టుకున్నాను.