గుడి బయట కారు

ఆ వారమంతా ముసురు. బేసింగ్‌స్టోక్ శివార్లలో నేను పనిచేసే మొక్కల నర్సరీలో ఆ పొద్దున గులాబీలకు కుండీలు మారుస్తున్నాం. ఆంటీ ఫోన్ చేశారు. "మీ అంకుల్ వెళ్లిపోయారయ్యా" అన్నారు. చేతుల మట్టి కడుక్కుని బయలుదేరాను.

వాళ్లది మా పక్కిల్లు. అంకుల్ గుంటూరు జిల్లాలో మిషన్ హైస్కూల్లో చరిత్ర చెప్పేవారు. ఆంటీకి నర్సు ఉద్యోగం వస్తే ఆవిడ వెంట ఈ దేశం వచ్చారు. ఆయన లూథరన్. ఆవిడ ఆర్‌సీఎం, అంటే రోమన్ కేథలిక్. పెళ్లికి రెండువైపుల నుంచీ ఎవరూ రాలేదట. మేం హిందువులం. ఒకే ఏసు దగ్గర ఇంత తగువేమిటో నాకు మొదట్లో అర్థమయ్యేది కాదు.

మా అమ్మాయి చదువు వల్ల అర్థమైంది. స్కూల్లో యూరప్ మతసంస్కరణ పాఠం వస్తే అంకుల్ దగ్గర కూర్చోబెట్టాను. చచ్చినవాళ్ల ఆత్మలకు శిక్ష తగ్గుతుందని చీటీలు అమ్మడం, దాని మీద ఒక జర్మన్ సన్యాసి తిరగబడడం, ఇంగ్లండులో సింహాసనం మీద మనిషి మారినప్పుడల్లా చర్చిలూ చేతులు మారడం, అన్నీ చెప్పారు. తన పక్షం చెప్పి ఆగలేదు.

"కేథలిక్కులూ ఊరికే కూర్చోలేదమ్మా. మహాసభ పెట్టుకుని తప్పులు దిద్దుకున్నారు. చీటీల బేరం మాన్పించారు. ఫాదర్లకు చదువు పెట్టారు. దేశదేశాల్లో బళ్లు తెరిచారు. మీ ఆంటీ అట్లాంటి బళ్లోనే చదివింది."

"అందుకే నాకు ఇంగ్లీషు వచ్చింది, మీకు రాలా" అన్నారు ఆంటీ వంటింట్లోంచి.

"సో హూ వన్, అంకుల్?" అంది మా అమ్మాయి.

"ఇంకా తేల్లా. ఆదివారం వచ్చి చూడు."

ఎదుటివాడి వాదన వాడికంటే బాగా చెప్పగలిగాకే నీ వాదన మొదలుపెట్టు అనేవారు. మా ఇంట్లో పోట్లాటలు ఇప్పటికీ ఆ పద్ధతిలోనే జరుగుతాయి. కొన్ని ఆగిపోతాయి కూడా.

ఆంటీకి డ్రైవింగ్ రాదు. ప్రతి ఆదివారం ఆయనే కేథలిక్ గుడి దగ్గర పూజకు దించేవారు. చర్చిని గుడి అని, అక్కడి ఆరాధనను పూజ అని అంటారు ఆంటీ. లోపలికి మాత్రం వెళ్లేవారు కాదు. పూజ అయ్యేదాకా గోడ పక్కన కారులో కూర్చుని కమలాపండు వలుచుకు తినేవారు. తర్వాత ఇద్దరూ స్కూలు హాలులో జరిగే తెలుగు ఆరాధనకు వెళ్లేవారు. అక్కడ ఆంటీ లోపల కూర్చునేవారు.

"నేనొచ్చినా మీ హాలు కూలలేదు. మీరొస్తే మా గుడి కూలుద్దా?"

ఆయన నవ్వేవారు గానీ దిగేవారు కాదు. ఒకసారి నేనూ ఆ కారులో ఉన్నాను. వాన పడుతున్నా తన పక్క అద్దం కాస్త దించే ఉంచారు. "పాట బాగుంటుందయ్యా" అన్నారు, నేను అడగకుండానే.

అసలు తగువు చావు దగ్గర. పోయిన ఆత్మ ఉత్తరించు స్థలంలో కొన్నాళ్లు బాధపడుతుందని, బతికున్నవాళ్లు పూజ చెప్పిస్తే త్వరగా బయటపడుతుందని ఆంటీ నమ్మకం. ఆ సంగతి ఆంటీ కంటే అంకులే బాగా వివరించేవారు. నమ్మేవారు కాదు.

"నా పేరు మీద పూజ చెప్పించమాక. పోయిన క్షణానే నా సంగతి తేలిపోద్ది."

"నా మనసు కోసం చెప్పించుకుంటా."

"నీ మనసు కోసమైతే నీ పేరు మీద చెప్పించుకో."

ఆస్పత్రిలోనూ ఇదే మాట. ఆయన తగ్గలేదు, ఆవిడ ఒప్పుకోలేదు. భూస్థాపన ఆయన పాస్టరే చేశారు. ఆ తర్వాత ఆంటీ ఒకచోట కూర్చోలేదు. పొయ్యి మీద టీ పెట్టి మరిచిపోయేవారు. "చెప్పించకపోతే ఆయన అక్కడే ఉండిపోతారేమో. చెప్పిస్తే చివరి మాట కాదన్నట్టు" అని మళ్లీ మళ్లీ అదే.

శనివారం సాయంత్రం పూజకు తీసుకెళ్లమన్నారు. పోయినవాళ్ల పేర్లలో చదవమని ఫాదర్‌కు అంకుల్ పేరు ఇచ్చారట. ఆవిడ లోపలికి వెళ్లారు, నేను కారులో ఉన్నాను. కాసేపటికే వానలో వచ్చేశారు. గొడుగు లోపలే మరిచారు.

"చదివారా ఆంటీ?"

"తెలీదయ్యా. పేర్లు మొదలుపెట్టగానే లేచొచ్చేశా. ఉండి వినలేకపోయా."

కారు తీయబోతే వద్దన్నారు.

"నీ పక్క అద్దం కాస్త దించు. ఆదివారం ఆదివారం ఆయన కుడి భుజం తడిసుండేది. నాకు తెలీదనుకున్నారు."

దించాను. చినుకులు నా భుజం మీద పడ్డాయి. పేర్లు వినపడలేదు. పాట వినపడింది.

ఏడింటికి జనం వెళ్లారు. కాసేపటికి ఫాదర్ తలుపు వేసి వెళ్లారు. ఆ తర్వాత మేం వెళ్లాం.